చింతపండు లేని చారు

"చారు," అంది సత్యవేణి, భుజానికి వేలాడుతున్న ముక్కుపెట్టె మీట నొక్కి. పెట్టె ఆకుపచ్చగా వెలిగింది. గిన్నె లోపలికి వెళ్ళిపోయింది, తలుపు మూసుకుంది. మూసుకున్నాక లోపల ఎవరో ఖాండ్రించి ఉమ్మారు. ఉమ్మడం నేరాల పట్టీలో లేదు కాబట్టి ఆమె రాసుకోలేదు.

పక్క తలుపు తట్టింది. పొయ్యి మీదున్నది ఉన్నట్టుగా తెచ్చి, మూత తీసి, ఛాతీ ఎత్తున పట్టుకోవాలన్నది నిబంధన. ఈ ఇంటాయన కావాలనే మోకాళ్ళ ఎత్తున పట్టుకున్నాడు, ఆమె నడుం వంచాలని. సత్యవేణి వంగింది. ఆవిరి మొహానికి తగిలింది. వాసన మాత్రం తగల్లేదు. ఊపిరి పీల్చినట్టు నటిస్తూ ఆయన కాళ్ళ వెనక ఉన్న చెత్తబుట్ట కేసి చూసింది. పిండి పారేసిన చింతపిప్పి కనిపించింది.

"చారు," అంది.

"మా ఇంట్లో సావుకూడొండినా ఇలాగే ముక్కెట్టి సూస్తావా?" అన్నాడాయన, గిన్నె వెనక్కి తీసుకుంటూ. ఆమె తరవాతి తలుపు కేసి తిరిగింది. ఈ ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే జవాబులన్నీ అయిపోయాయి.

పొద్దుట లేచేసరికి సత్యవేణి ముక్కు రెండు వైపులా బిగుసుకుపోయి ఉంది. గొంతులో గరగర. తొమ్మిది నివాస గోపురాల్లోని నలభై వేల ఇళ్ళ వంటల్ని ఆరేళ్ళుగా పసిగట్టిన ముక్కు అది. ఇవాళ దానికి కిరసనాయిలుకీ కర్పూరానికీ తేడా తెలియడం లేదు. ఊపిరి మండలి వారి నాసిక తనిఖీదారుకి జలుబు చేసిందంటే నవ్వొస్తుంది గానీ, సత్యవేణికి నవ్వు రాలేదు. జలుబు చేసినవాళ్ళని ఎక్కడికి పంపుతారో ఆమెకన్నా బాగా తెలిసినవాళ్ళు ఎవరూ లేరు.

సముద్రంలో, ఒడ్డుకి మూడు మైళ్ళ దూరంలో ఉంటుంది ఎడం. కిటికీలు లేని కట్టడం. ఊళ్ళో ప్రతి గదిలోనూ, మెట్ల దారిలోనూ గోడచెవి ఉంటుంది. అది దగ్గుల్ని పైకే లెక్కపెడుతుంది, రోజులో మూడైతే ఎడానికి కబురు పంపుతుంది. అక్కడ ఇరవై ఒక్క రోజులు. కొందరు తిరిగొస్తారు, కొందరి బట్టలు తిరిగొస్తాయి. ఇదంతా బూడిద జ్వరం రోజుల్లో పెట్టిన చట్టం. అప్పుడు అవసరమే కావచ్చు. ఆ జ్వరం పోయి తొమ్మిదేళ్ళయింది. చట్టం మాత్రం నిక్షేపంగా ఉంది, దానికి జలుబూ దగ్గూ రావు కదా.

గోడచెవిని మోసం చేసేది కషాయం ఒక్కటే. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, తులసి వేసి మరిగించి తాగితే రోగం పోదు, గొంతు మాత్రం కాసేపు నెమ్మదిస్తుంది. నెమ్మదించిన గొంతు దగ్గదు. మండలి దీనికి లక్షణాచ్ఛాదనం అని పేరు పెట్టి, నేరాల పట్టీలో చేర్చింది. అయితే మిరియాలు వేయకుండా చారు కాచమని ఈ ఊరి జనానికి చెప్పే ధైర్యం మండలికి లేకపోయింది. అందుకని ఒక గీత గీసింది. చింతపండుతో కాగితే చారు, చింతపండు లేకుండా కాగితే కషాయం. ఆ గీత యంత్రాలకి అంతుబట్టలేదు. మనిషి ముక్కు కావలసి వచ్చింది.

మూడేళ్ళుగా సత్యవేణి భుజానికి వేలాడుతున్న ముక్కుపెట్టె ఆమె చెప్పే ప్రతి తీర్పునీ నేర్చుకుంటోంది. ఇవాళ చివరి రోజు. నాలుగింటికి పెట్టెకి ముద్ర వేస్తారు. రేపటి నుంచి ప్రతి వంటింటి కప్పుకీ ఒక పెట్టె ఉంటుంది, మనిషి అక్కర్లేదు. సత్యవేణికి 'మూల నాసిక' అన్న హోదా ఇచ్చి, ఒక ఇల్లు ఇస్తారు. ఆ ఇంట్లో గోడచెవి ఉండదు. ఆరేళ్ళుగా ఆమె కలలోకి వస్తున్నది ఆ ఇల్లే. అక్కడ ఒకసారి గట్టిగా, కడుపులోంచి, ఎవరికీ భయపడకుండా దగ్గాలని ఆమె కోరిక.

నడుం దగ్గర పెట్టె గుర్రుమంది. ఆమె మీట నొక్కింది. నొక్కితేనే అది మాట వింటుంది.

"సత్యవేణి గారూ, ఎక్కడున్నారు?" పర్యవేక్షకుడు దివాకరం గొంతు.

"పద్దెనిమిదో అంతస్తు అయిపోయిందండీ."

"కొలబద్ద వాసనకి ఇల్లు నిర్ణయించాం. పందొమ్మిదిలో ఆరో నంబరు. పోయినేడు కేసు ఉన్న ఇల్లు. పొద్దుటి నుంచి అక్కడ ఏదో మరుగుతోంది, మన వాయునాళంలో పడింది. మనకి ఒక స్పష్టమైన కషాయం కావాలి. తేల్చలేక పక్కన పెట్టిన రెండువేల నూట నలభై ఇళ్ళనీ పెట్టె దాంతో కొలిచి విడదీస్తుంది."

"అన్నీ కషాయాలే అవుతాయాండీ?"

"దాదాపు. ఎడంలో మంచాలు వేయించాం. మూడున్నరకి ముందు మీ నాసిక పరీక్ష, తరవాత తీర్పు. లాంఛనమే అనుకోండి."

మీట వదిలేసింది. మెట్ల మీద కూలబడింది. టైము మూడయింది. పరీక్షలో పెట్టె మూడు వాసనలు వదులుతుంది, మూడింటికీ పేర్లు చెప్పాలి. చెప్పలేకపోతే ఆ మంచాల్లో మొదటిది ఆమెదే. దానికి తోడు ఆరో నంబరు ఇల్లు. ఆ గుమ్మం మళ్ళీ ఎక్కాల్సి వస్తుందని ఆమె అనుకోలేదు, అనుకోకుండా ఉండటానికి ఏడాదిగా తంటాలు పడుతోంది.

తలుపు తీసింది గున్నమ్మ. అరవై దాటిన మనిషి, చేతిలో అట్లకాడ. సత్యవేణిని చూసి పక్కకి తప్పుకోలేదు.

"ఒచ్చినావా? మా ముసిలోణ్ణి అట్టుకుపోయినావు సాల్లేదా? ఇంకెవులు కావాల నీకు?"

"తనిఖీ. గిన్నె తీసుకురండి."

గుమ్మానికి అనుమతి కాగితం అంటించి ఉంది. బాలింత స్నానానికి వావిలాకు, ఇరవై ఒక్క రోజులు. ఎనిమిది రోజులు కొట్టేసి ఉన్నాయి. లోపలి గదిలో పసిబిడ్డ ఏడుస్తోంది. దాని పక్కన గున్నమ్మ కోడలు దమయంతి, నోట్లో గుడ్డ కుక్కుకుని ఒళ్ళంతా కుదిపేసే దగ్గుని మింగుతోంది. కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి. తనిఖీదారుని చూడగానే బిడ్డని గుండెకి అదుముకుంది. తల్లిని ఎడానికి పంపితే బిడ్డ మండలి శిశుగృహానికి పోతుంది. ఆ సంగతి ఇక్కడ ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు.

గున్నమ్మ తెచ్చిన గిన్నె మీదికి సత్యవేణి వంగింది. ఏమీ తెలియలేదు. చెత్తబుట్ట కేసి చూసింది. ఖాళీగా ఉంది.

గున్నమ్మ ఆమె మొహంలోకే చూస్తోంది. ఉన్నట్టుండి నవ్వింది. మంచి నవ్వు కాదు.

"నీ మాట ముక్కులోంచొస్తంది. ముక్కు పట్టీసింది గదే నీకు! వాసన రాని ముక్కట్టుకొని మా ఇల్లు సూడనాకొచ్చినావా?"

"నెమ్మదిగా మాట్లాడండి."

"ఎందుకూ? గోడకి మాటలినపడవు, దగ్గులే ఇనపడతాయి. కిందున్న మీ మండలోళ్ళకి నానొక్క కేక ఎయ్యాల, అంతే. మా కోడలు పక్క మంచం నీదే."

బతిమాలడం ఎలాగో సత్యవేణికి తెలియదు. అవతలి వాళ్ళు బతిమాలుతుంటే వినడమే తెలుసు.

గున్నమ్మ అట్లకాడ పక్కన పడేసి, "రా," అని స్నానాల గదిలోకి నడిచింది. ఆ గదిలో గోడచెవి ఉండదు, తడికి పాడైపోతుందని. కాగు నిండా వావిలాకు నీళ్ళు సలసలా కాగుతున్నాయి. గున్నమ్మ గుప్పెడు పసుపు అందులో కుమ్మరించి, పీట వేసి, దుప్పటి విదిలించింది.

"కూకో. తలొంచు."

"ఎందుకు? నేనేమీ మాట ఇవ్వలేను."

"నీ మాటెవులడిగినారు? కిందటేడు నీ కాళ్ళట్టుకున్నాను. ఈ పాలి అట్టుకోను. నీ ముక్కు తెరుసుకోవాల. ఆ గిన్నెలో ఉన్నదేటో నీకు బాగా తెలవాల. తెలిసి, అప్పుడు సెప్పు నీకు నచ్చింది. తెలీక సెప్పినానని రేప్పొద్దున నీకు నువ్వు సెప్పుకోనాకి లేకండా సేస్తాను."

దుప్పటి కప్పేసింది. లోపల చీకటి, వేడి. మొదట కళ్ళు మండాయి. తరవాత నుదుటి వెనక ఏదో కరిగింది. ముక్కు ఒక వైపు తెరుచుకుంది, ఘాటుగా, చేదుగా, పచ్చగా వావిలాకు వాసన తలలోకి దూరింది. రెండో వైపు కూడా తెరుచుకుంది. సత్యవేణి నోరు తెరిచి దగ్గింది. ఒకసారి కాదు, పది పన్నెండు సార్లు. ఆరేళ్ళ దగ్గు. బయట గున్నమ్మ తలుపు గట్టిగా మూసి పట్టుకుని నిలబడింది.

మూడున్నరకి ఆమె మొహం తుడుచుకుని వంటింట్లోకి వచ్చి మీట నొక్కింది. పెట్టె మొదటి వాసన వదిలింది.

"కర్పూరం."

రెండోది.

"కిరసనాయిలు."

మూడోది రాగానే ఆమె చెయ్యి పొయ్యి గట్టుని పట్టుకుంది.

"ఇంగువ," అంది చివరికి.

కిందటేడు వేసవిలో ఇదే వంటింట్లో ఇదే వాసన. మూడు వారాలుగా చింతపండు సరఫరా లేదు. గున్నమ్మ పుల్లటి మామిడికాయ చెక్కి మిరియాల చారు కాచింది. ఇంగువ పోపు, కరివేపాకు, మామిడి పులుపు. సత్యవేణికి నోరూరింది. చారని ఆమె ముక్కుకి తెలిసింది, నాలుకకి తెలిసింది. పెట్టె మాత్రం చింతపండు ఉందా అని అడిగింది. లేదు అంది. అయితే తీర్పు చెప్పమంది. చారు అంటే కిందా మీదా సంజాయిషీలు రాయాలి. కషాయం అంటే ఒక్క మాట. ఆమె ఆ ఒక్క మాటా అంది. కషాయం దొరికిన ఇంట్లో మూడో దగ్గు అక్కర్లేదు కాబట్టి, పొగకి రెండుసార్లు దగ్గిన పాపానికి గున్నమ్మ భర్త అప్పలసూరిని తీసుకుపోయారు. పదహారో రోజున ఆయన చొక్కా, పంచె మూటకట్టి పంపారు. ఆ మూట మీద చిరునామా రాసింది కూడా సత్యవేణే.

"పరీక్ష నెగ్గారు. కొలబద్ద తీర్పు చెప్పండి," అన్నాడు దివాకరం.

గున్నమ్మ గిన్నె తెచ్చి ఛాతీ ఎత్తున పట్టుకుంది. చేతులు కదల్లేదు. సత్యవేణి వంగి నిండుగా ఊపిరి పీల్చింది. శొంఠి. దోరగా వేయించిన మిరియాలు. పిప్పళ్ళు. తులసి. అడుగున చిన్న బెల్లం ముక్క. పులుపు లేదు, ఉప్పు లేదు, పోపు లేదు. ఇంత కల్తీ లేని కషాయం ఆరేళ్ళలో ఆమె ఎక్కడా చూడలేదు. గదిలో దమయంతి ఊపిరి బిగబట్టింది. బిడ్డ కూడా ఎందుకో ఏడుపు ఆపింది.

ఇది కషాయమైతే ఊళ్ళో తేలకుండా ఉన్నవన్నీ కషాయాలే. ఇదే చారైతే, ఇంతకన్నా చిక్కటి కషాయం లేదు కాబట్టి, ఇంక ఏదీ కషాయం కాదు.

సత్యవేణికి భయం వేసింది. గోడచెవి లేని ఇల్లు కళ్ళ ముందు ఒక్కసారి మెదిలి పోయింది.

"చారు," అంది.

పెట్టె వెలగలేదు. దివాకరం గొంతు కొంచెం ఆలస్యంగా వచ్చింది. "చింతపండు జాడ లేదంటోంది, సత్యవేణి గారూ. పొరబాటు పడ్డట్టున్నారు. మళ్ళీ చూడండి."

"నా ముక్కు ఇప్పుడే పరీక్ష నెగ్గిందండీ. చింతపండు లేకపోయినా చారు చారే. ఈ మాట పోయినేడు చెప్పాల్సింది."

"అది మీరు తేల్చాల్సింది కాదు!"

"నాసిక తనిఖీదారు తీర్పు మీద అప్పీలు లేదని రాసింది మీరే కదండీ."

అవును, మండలే రాసింది. కాళ్ళావేళ్ళా పడే జనం నోరు మూయించడానికి రాసిన నిబంధన అది. పెట్టెకి ఆ సంగతులేవీ తెలియవు, రాసింది పాటించడమే తెలుసు. అది ఆకుపచ్చగా వెలిగింది.

గున్నమ్మ గిన్నె దించింది. ఒక గ్లాసు నిండా వంచి సత్యవేణి మొహం ముందు పెట్టింది.

"సారన్నావు గదా. తాగు మరి."

మీట ఇంకా నొక్కే ఉంది. అవతల దివాకరం వింటున్నాడు. సత్యవేణి గ్లాసు అందుకుని, నాలుక కాలుతున్నా ఆపకుండా ఖాళీ చేసింది.

"ఉప్పు తక్కువైంది," అంది.

గున్నమ్మ గ్లాసు లాక్కుంది. ఆమె మొహం ఏమీ మెత్తబడలేదు. "నువ్విలాగన్నావని నా మొగుడు లేచిరాడు. ఎల్లు మా ఇంట్లోంచి," అంది. మిగిలిన కషాయం గిన్నెతో సహా కోడలి దగ్గరికి తీసుకుపోయింది.

నాలుగింటికి పెట్టెకి ముద్ర పడింది. సత్యవేణి మెట్లు దిగడం మొదలుపెట్టే వేళకి గోపురం పొడవునా, తేలని ఇళ్ళ గుమ్మాల మీద ఎర్రగా, పసుప్పచ్చగా ఊగిసలాడుతున్న దీపాలు ఒకటొకటిగా ఆకుపచ్చగా మారుతున్నాయి. ఎవరో తలుపు సందులోంచి తొంగి చూసి, దీపం చూసుకుని, లోపలికి కేకేశారు. ఇంకెక్కడో రోట్లో మిరియాలు దంచుతున్న చప్పుడు మొదలైంది. దాచుకోకుండా, ధనధనా. శొంఠి వాసన మెట్ల మీదికి దిగింది.

నడుం దగ్గర పెట్టె గుర్రుమంది.

"రెండువేల ఇళ్ళలో సాయంత్రం నాలుగింటికి చారు కాస్తారా, సత్యవేణి గారూ?" దివాకరం గొంతులో కోపం కన్నా భయం ఎక్కువగా ఉంది. "దీనికి మీరు జవాబు చెప్పుకోవాలి. కింద మండలి మనుషులు మీ కోసం ఎదురుచూస్తున్నారు."

"కాస్తారండీ. ఊరంతటికీ జలుబు చేసింది," అంది సత్యవేణి మీట నొక్కి. అంటుండగానే ఆమెకి దగ్గు వచ్చింది. ఆపుకోలేదు.

"ఒకటి," అంది మెట్ల గోడలోని చెవి.

ఇంకా పద్దెనిమిది అంతస్తులు దిగాలి. ఆమె కొంగుతో మూతి తుడుచుకుని కిందికి నడిచింది. తాగింది ఇంకా గొంతులో వెచ్చగానే ఉంది.