మూడు మొహాల రాయి

సల్వాలోని ఓ అరబ్బు విల్లాలో అద్దాల అల్మారా ఖాళీగా ఉంది.

పోయింది ఓ రాతి తల. కొబ్బరికాయంత ఉంటుంది. మూడు వైపులా మూడు మొహాలు, రెప్పల్లేని గుడ్లకళ్లు. రెండువేల ఏళ్ల కిందట ఐర్లండ్‌లో కెల్టు జాతివాళ్లు చెక్కింది. యజమాని లండన్ వేలంలో కొన్నాడు.

డ్రైవర్ బాలసుబ్బయ్య నేరం ఒప్పుకున్నాడు. అమ్ఘరాలో తుక్కు షాపుకి అమ్మేశానన్నాడు. ఏ షాపో మాత్రం చెప్పలేకపోతున్నాడు.

ఇన్సూరెన్స్ ఇన్వెస్టిగేటర్ నిత్యకు అది మింగుడుపడలేదు. హైదరాబాద్ పిల్ల, పట్టిన పట్టు వదలదు. ఊరూ పేరూ లేని అబద్ధానికి ఓ మనిషి జైలుకు పోతుంటే ఊరుకోలేకపోయింది.

"సోమవారం కారు తీశావా?"

"తీసినా మేడం."

"జీపీఎస్‌లో కారు కదల్లేదే?"

"ట్యాక్సీలో పోయినా."

"ఇప్పుడే కారన్నావ్!"

అతను తల వంచుకున్నాడు. "నేనే దొంగను. ఖలాస్. ఇంక ఇడ్సిపెట్టండి మేడం."

పెరటి గడప మీద ఎర్రటి మరక. నెత్తురు కాదని ల్యాబ్ రిపోర్ట్ రాగానే పోలీసులు దాన్ని మరిచిపోయారు. నిత్య గోరుతో గీకింది. వాసన చూసింది. పసుపు, సున్నం.

సాయంత్రం నాలుగింటికి అందరినీ హాల్లో కూర్చోబెట్టింది. పోలీసు కెప్టెన్, యజమాని, ఆయన భార్య. సంకెళ్లతో బాలసుబ్బయ్య. ఓ మూల అతని భార్య సంజీవమ్మ. ఆమె ఇక్కడే పనిమనిషి. చంకలో యజమాని మూడేళ్ల కూతురు.

"ఇతను దొంగ కాదు," అంది నిత్య ఇంగ్లీషులో. గొంతులో గెలుపు దాగలేదు. "పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుంది. మావాళ్లు ఆ నీళ్లతో దిష్టి తీస్తారు."

తెలుగులోకి మారింది. "సంజీవమ్మా, ఆరోజు పాపకు జ్వరం కదూ?"

సంజీవమ్మకు ఏడుపు ఆగలేదు. "నాల్గు దినాలు తగ్గల్యా మేడం. ఆ రాయి కండ్లే బిడ్డకు తగిల్నాయనుకుంటి. దిష్టి తీసి, రాయిని చెత్తలారీలో ఏస్తి. బిడ్డ బతికె, సాలు."

నిత్య అది ఇంగ్లీషులో చెప్పింది. పాప మీద ప్రేమతోనే చేసిందని కూడా చెప్పింది.

ఇంటావిడ లేచి పాపను లాక్కుంది. "సిహర్! నా బిడ్డకు చేతబడి చేసింది!"

"కాదు మామా!" ఇంటావిడను అరబ్బీలో అమ్మా అని పిలుస్తూ సంజీవమ్మ ఆమె కాళ్ల మీద పడింది. నిత్య ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. ఆ దేశంలో చేతబడీ నేరమే. కెప్టెన్ బాలసుబ్బయ్య సంకెళ్లు విప్పి, వాటినే సంజీవమ్మ చేతులకు వేశాడు.

"దొంగతనమయితే నేనొక్కన్నే పోతాంటి గదా మేడం," అన్నాడు బాలసుబ్బయ్య. "దీన్ని కాపాడుకోవాలనే గదా ఒప్పుకొనింది. మిమ్మల్ని ఎవురు అడిగినారు?"

బయట సంజీవమ్మను ఎక్కించుకున్న పోలీసు జీపు స్టార్టయింది. అతను దాని వెంట పరిగెత్తాడు.