పడమటి ఒడ్డున సూర్యోదయం

బాలలక్ష్మిని చంపింది ప్రకాశే.

ఇది అనుమానం కాదు. ఆరోపణ కాదు. జరిగిన సంగతి.

ఆ ప్రకాశ్ ఇప్పుడు రామస్వామికి యాభై అడుగుల ముందు పరుగెత్తుతున్నాడు!

మునిమాపు. అండమాన్‌లో ఒక దీవి. తడి ఇసుక. అడుగు వేస్తే చీలమండ దాకా దిగుతోంది.

రామస్వామికి అరవై ఏళ్లు. అయితేనేం? నలభై ఏళ్లు పసుపు చేలల్లో నడిచిన కాళ్లు. ఈ ఇసుక వాటికి ఒక లెక్కా?

ప్రకాశ్‌కు ముప్పై ఆరు. పూల చొక్కా. మోకాళ్ల దాకా నిక్కరు. ఏసీ గదిలో కూర్చుని టూర్లు బుక్ చేసే ఒళ్లు. అప్పుడే ఆయాసపడుతోంది.

"కాకా... ఆగు కాకా! నా మాటిను!"

రామస్వామి ఆగడు.

కుడిచేతిలో కొబ్బరి బోండాలు కొట్టే కత్తి. ఎడమచేతిలో ఫోను.

ఎనిమిది నెలలుగా అతనికి కావలసింది ఒక్కటే. ప్రకాశ్ తన నోటితో ఒప్పుకోవాలి. ఆ మాట ఈ ఫోనులో రికార్డు కావాలి.

ఒప్పుకోకపోతే...

కత్తి ఊరికే తేలేదు!

*

ఫిబ్రవరి పన్నెండు. ఉదయం ఆరుకు పావు తక్కువ. జగిత్యాల నుంచి కోరుట్లకు పోయే రోడ్డు. ముందున్న మనిషి కనిపించనంత మంచు.

పసుపు తవ్వడానికి నడిచిపోతున్న రామస్వామి భార్య బాలలక్ష్మిని వెనకనుంచి ఒక తెల్ల కారు గుద్దింది.

ఆగలేదు!

ఆమె పక్కన నడుస్తున్న భూమవ్వ ఒక్కతే, తనను రాసుకుంటూ పోయిన కారును చూసింది. భూమవ్వకు చదువు రాదు. నంబరు చెప్పలేకపోయింది.

"ఎనక అద్దం మీద కొబ్బరిచెట్టు బొమ్మ ఉన్నది సారూ. కింద నీళ్లు గూడ ఉన్నయ్" అంది.

ఆ స్టిక్కరు ఉన్న కారు కోరుట్లలో ఒక్కటే. దీవులకు టూర్లు నడిపే ప్రకాశ్‌ది.

ఎస్సై నవ్వాడు.

"ప్రకాశ్ ఊళ్లనే లేడు పెద్దమనిషీ. అండమాన్ల ఉన్నడు. కారు షెడ్డుల ఉన్నది. గీ ఫోటో చూడు. గా పొద్దుగాల ఆరింటికే స్టేటస్ పెట్టిండు."

ఫోటోలో సముద్రం. నీళ్ల మీద సగం సూర్యుడు. ఒడ్డున ఒక నల్లటి మొద్దు, బర్రె పడుకున్నట్టు. మొద్దు మీద కూర్చుని పళ్లికిలిస్తున్న ప్రకాశ్. కింద అక్షరాలు... 'గుడ్ మార్నింగ్ కోరుట్ల! సముద్రంలో సూర్యోదయం!'

కేసు అక్కడితో సరి.

విమానం టికెట్టు ఎవరూ అడగలేదు. ఫోటో ఉందిగా! ఫోటోలో సూర్యుడున్నాడుగా!

"ఇంకా అనుమానముంటే రోజూ చూసుకో" అని ఎస్సై ఆ ఫోటోను రామస్వామి ఫోనుకు పంపించాడు. వెటకారానికి పంపించాడు.

రామస్వామి రోజూ చూశాడు. ఎనిమిది నెలలు చూశాడు.

ఒకరోజు కూతురితో అన్నాడు.

"నేను గూడ సముద్రం చూస్త."

కూతురు గీత ప్రకాశ్ ఆఫీసులోనే పని చేస్తుంది. తల్లిని చంపినవాడి దగ్గర! మానెయ్ అంటే మానలేదు. ఎందుకని అడిగితే నోరు తెరవలేదు. సముద్రం మాటకు మాత్రం సరే అంది. తండ్రికి టికెట్టు తీసింది. తనకూ తీసుకుంది.

*

బ్యాచ్‌లో ఇరవై రెండు మంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల.

వీళ్లు సముద్రం చూడటానికి వచ్చారట! సముద్రానికి వీపు తిప్పి నిలబడి ఫోను చూస్తున్నారు. ఒకాయన కాళ్లు నడిసంద్రంలో మునిగినట్టు అరుస్తున్నాడు. నీళ్లు అతని మడమ దాటలేదు. ఒకావిడ చెప్పు అలలో పోయింది. దాని కోసం ఏడుగురు పరుగెత్తారు. ఇంకొకాయన పొద్దున్నుంచీ ఒకటే గొణుగుడు... "గిన్ని చెట్లున్నయ్, కల్లు ఒక్కటి దొరకది!"

సముద్రాన్ని కూడా రామస్వామి ఒక్కసారే చూశాడు. చాలనిపించింది.

ఇన్ని నీళ్లు! ఒక్క మడి తడవదు. ఏం నీళ్లవి?

ఒక్క విషయం మాత్రం అతని కంటపడింది. దీవిలో జీపు ఎక్కేటప్పుడు డ్రైవరు గీతను ముందు సీట్లో కూర్చోమన్నాడు. ఆమె వెనక ఇరుక్కుని కూర్చుంది. ఫిబ్రవరి నుంచి అంతే. ఏ బండిలోనూ ముందు కూర్చోదు. తల్లి పోయిన భయం అనుకున్నాడు.

సిరిసిల్ల వనిత అతని పక్కన చతికిలపడింది. ఆమె మొగుడికి మగ్గాల షెడ్డు ఉంది. నోటికి తాళం లేదు.

"ఏందన్నా, నవ్వు మొకమే లేదు నీకు? మేమైతే రెండోసారి అచ్చినం. ఫిబ్రవరిల గూడ ఈ ప్రకాశ్ తోటే."

రామస్వామి తల తిప్పాడు.

"ఫిబ్రవరిలనా?"

"అవ్. గప్పుడు మమ్ముల వంటాయనకు ఒప్పజెప్పి నడుమల్నే ఉరికిండు. పదకొండు తారీకు పొద్దుగాలనే విమానమెక్కిండు. మా ఆయన ఎంత తిట్టిండో!"

పదకొండు!

రామస్వామి లేచాడు. ఆమె ఇంకా మాట్లాడుతూనే ఉంది.

ఎదురుగా... నల్లటి మొద్దు. బర్రె పడుకున్నట్టు!

ఫోను తీశాడు. ఫోటో తెరిచాడు. అదే మొద్దు. అదే కొమ్మ విరుపు.

దాని వెనక సూర్యుడు. నీళ్లకు జానెడు ఎత్తున.

బ్యాచ్ అంతా కేకలు పెడుతోంది. ఫోన్లు పైకి లేచాయి.

సూర్యుడు నీళ్లను తాకాడు. సగమయ్యాడు. అచ్చం ఫోటోలో ఉన్నట్టే ఉన్నాడు!

మునిగిపోయాడు.

రామస్వామి మళ్లీ ఫోటో చూశాడు.

ఇది పడమర! ఈ ఒడ్డున పొద్దు పొడవదు... ఎన్నేళ్లు కూర్చున్నా పొడవదు!

ఎస్సైకి తెలియదు. ఊరికి తెలియదు. తనకూ తెలియదు. తమవైపు సముద్రమంటే తూర్పే. ఎవరు విశాఖ పోయినా, పూరీ పోయినా తెల్లవారకముందే లేచి నీళ్లలోంచి పొద్దు పొడవడం చూసి వస్తారు. సముద్రం మీద సూర్యుడు కనిపిస్తే జగిత్యాల మనిషి సాయంత్రం అనుకోడు.

ప్రకాశ్ ఆ ఒక్క అజ్ఞానాన్ని నమ్ముకున్నాడు!

రామస్వామి ఎస్సైకి వాయిస్ మెసేజ్ పెట్టాడు.

"సార్, ఆ ఫోటో ఈడ దిగిందే. కానీ ఈడ పొద్దు పొడవది సార్. మునుగుతది! నేను ఈడనే ఉన్న. నా కండ్లతోటి చూసిన."

పంపించాడు.

బోండాలవాడి పీట మీద కత్తి ఉంది. తీసుకున్నాడు.

ప్రకాశ్ నవ్వుతూ ఎవరికో ఫోటో తీస్తున్నాడు. చూశాడు. కత్తిని కాదు, రామస్వామి రెండో చేతిలోని ఫోటోను చూశాడు.

నవ్వు ఆగింది.

పరుగు!

*

ఒడ్డు అయిపోయింది.

ఎదురుగా అడవిలోంచి సముద్రంలో కలిసే నీటి పాయ. నల్లటి నీళ్లు. గట్టున ఒక బోర్డు. ఇంగ్లీషు అక్షరాలు రామస్వామికి రావు. బొమ్మ అర్థమైంది.

మొసలి! నోరు తెరిచి!

ప్రకాశ్ బోర్డు దగ్గర బిగుసుకుపోయాడు. నీళ్ల వైపు చూశాడు. కత్తి వైపు చూశాడు.

"పో బే! ఎందుకాగినవ్? దానికన్న నేనే నయమనిపిస్తున్ననా?"

"కాకా... నీ కాళ్లు మొక్కుత..."

"కాళ్లు పక్కకు పెట్టు. నోరు తెరువు."

రామస్వామి ఫోను నొక్కాడు. ఎర్ర చుక్క వెలిగింది. రికార్డింగ్.

"పదకొండు తారీకు ఈడికెళ్లి పోయినవా లేదా?"

"పోయిన. ఆఫీసుల టికెట్ల గడబిడైంది... పోయిన."

"పన్నెండు పొద్దుగాల జగిత్యాలల ఉన్నవా లేదా?"

"ఉన్న. గప్పుడే బస్సు దిగిన."

"నీ కారుల ఎక్కినవా లేదా?"

"ఎక్కిన కాకా..."

"మరి ఈ ఫోటో?"

"పది తారీకు పొద్దుమూకి దిగింది. గుద్దినంక... ఆరింటికి స్టేటస్ పెట్టిన. మనోళ్లెవరికి తెలుస్తది అనుకున్న."

రామస్వామి పళ్లు కొరికాడు. ఎంత తేలిక! ఒక మనిషి రోడ్డు మీద కొట్టుకుంటుంటే వీడు ఫోటో వెతుక్కున్నాడు. గుడ్ మార్నింగ్ అని టైపు చేశాడు.

"ఇగ ఒక్క మాట. 'బాలలక్ష్మిని నేనే గుద్దిన' అను. పోలీసులకిస్త. నిన్ను సంపను. అను!"

ప్రకాశ్ అనలేదు.

అతని చూపు రామస్వామి భుజం మీదుగా వెనక్కి పోయింది.

"నేను గుద్దలే కాకా."

కత్తి లేచింది!

"కారుల ఉన్న! అబద్ధమాడను! కానీ పక్క సీట్ల నిద్రపోతున్న!"

"నిద్రపోతున్నవా? మరి తోలిందెవడ్రా? దయ్యమా?"

వెనక తడి ఇసుకలో అడుగులు. రొప్పు.

గీత.

"బాపూ..."

"నువ్వు రాకు బిడ్డా! ఎన్కకు పో!"

ఆమె వెనక్కి పోలేదు. దగ్గరికొచ్చింది. ప్రకాశ్‌ను కాపాడటానికి కాదు. కత్తి ముందు, తండ్రి ముందు నిలబడింది.

"బాపూ, కారు నడిపింది నేను."

అల వచ్చింది. ముగ్గురి కాళ్లూ తడిసాయి.

"ఏందీ?"

"కొత్తగ నేర్చుకున్న. లైసెన్స్ లేదు. బస్టాండ్‌కు కారు తీసుకరా అన్నడు. వచ్చేటప్పుడు నిద్రొస్తుంది, నువ్వే నడుపు అన్నడు. మంచుల ఏం కనవడలే బాపూ. దడ్ మన్నది. కుక్కనుకున్న... ప్రకాశ్ లేసి, ఆపకు, పోనీ అన్నడు."

కత్తి కిందికి దిగింది.

"ఎనిమిదింటికి నువ్వు ఫోన్ చేసినవ్. అవ్వ పోయింది, ఏదో తెల్ల కారు గుద్దింది అన్నవ్. గప్పుడు తెలిసింది నాకు."

ముందు సీటు! ఎనిమిది నెలలుగా ముందు సీటు!

"రోజూ చెప్పుదమనుకున్న బాపూ. ఈడనన్న చెప్పుదమని వచ్చిన."

రామస్వామి చేతిలో ఫోను వెలుగుతోంది.

ఎర్ర చుక్క. నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు... పదమూడు... పధ్నాలుగు...

అతనికి కావలసింది దొరికింది. ఒప్పుకోలు. స్పష్టంగా. తన కూతురి గొంతుతో!

ప్రకాశ్‌కు అప్పుడే ప్రాణం లేచొచ్చింది.

"చూసినవా కాకా? గీత కోసమే నేను గా ఫోటో పెట్టిన. మన పిల్ల ఆగం కావద్దని. ఇగ మనం మనం..."

"మూస్కో."

రామస్వామి గొంతు పెంచలేదు.

"దీని కోసమా? కారు నీది. తోలుమన్నది నువ్వు. ఆపకు అన్నది నువ్వు. నిన్ను కాపాడుకోనీకి నా బిడ్డను ఎన్మిది నెలలు నీ ఆఫీసుల కట్టేసుకున్నవ్. నిన్ను నరికితే ఈ కత్తి ఆ బోండాలోనికి పనికిరాకుండ అయితది."

అతని పూల చొక్కా మీద ఉమ్మాడు.

ఫోను ఎత్తాడు. విసిరాడు.

నల్లటి నీళ్లలో ఎర్ర చుక్క ఒక్క క్షణం కనిపించింది. మునిగింది.

తిరిగి నడిచాడు. కత్తిని బోండాలవాడి పీట మీద ఎక్కడిదక్కడ పెట్టాడు. గీత వెనకే వస్తోంది. ఆమె వైపు చూడలేదు.

"యాడికి పోయినవన్నా? ఫోటోల నువ్వు లేకపోతివి!" వనిత అరిచింది.

రామస్వామి జీపెక్కాడు. అప్పుడు గుర్తొచ్చింది.

వాయిస్ మెసేజ్!

అది ఎస్సైకి చేరిపోయింది.

*

ఆరు రోజుల తర్వాత. స్టేషన్.

పదకొండుసార్లు వచ్చాడు ఇక్కడికి. పదకొండుసార్లూ నిలబెట్టారు. ఇవాళ ఎస్సై లేచి కుర్చీ జరిపాడు!

"కూసో పెద్దమనిషీ, కూసో. నీ మెసేజ్ మూడుసార్లు విన్న. పెద్ద పాయింటే పట్టినవ్! మేమెవ్వరం ఆలోచన చెయ్యలే."

ఎవరూ ఆలోచించలేదట. అదేదో గొప్పలా చెబుతున్నాడు.

"ఒక్క కాగితం రాసియ్యి. విమానం లెక్కలు తెప్పిస్త. ప్రకాశ్ గాన్ని లోపలేస్త. రెండు తగిలిస్తే కారుల ఇంకెవరెవరున్నరో గూడ కక్కుతడు."

తెల్ల కాగితం ముందుకొచ్చింది. పెన్ను వచ్చింది.

కిటికీ అవతల, ఎండలో, గీత నిలబడి ఉంది. బస్సు దిగిన దగ్గర నుంచీ అలాగే ఉంది. కూర్చోమని అతను చెప్పలేదు. చెప్పడు.

రామస్వామి పెన్ను తీసుకున్నాడు.

ఎస్సై ముందుకు వంగాడు.

"రాయి. నేను నా కండ్లతోటి..."

రామస్వామి పెన్నుకు మూత పెట్టాడు.

"నేను తప్పు చూసిన సార్."

"ఏందీ?"

"ఆడ పొద్దు పొడిచింది."

"నువ్వు మెసేజ్ పెట్టిన సాయంత్రం అయిదింటికా?!"

"అవ్. పొడిచింది. ఫోటో నిజమే."

ఎస్సై కళ్లు చిన్నవయ్యాయి. రామస్వామిని చూశాడు. కాగితాన్ని చూశాడు. కిటికీ వైపు తల తిప్పాడు...

రామస్వామి లేచి నిలబడ్డాడు. కిటికీకి అడ్డంగా!

"కేసు బంద్ చెయ్యుండ్రి సార్. బాలలక్ష్మి ముచ్చట ఇగ నన్నెవ్వరూ అడగొద్దు. సచ్చేదాక నా నోట రాదు."