రెండు నిమిషాల పని

"ఈ రెండింటికీ మాటల్లేవండి. మీరే ఎలాగోలా కలపాలి."

అంటూ ఆమె నా బల్ల మీద కొత్త ఫోను పెట్టింది. వెనకే ఆటో డ్రైవరు ఒక పాత కంప్యూటరు మోసుకొచ్చి దింపాడు. బయట జోరు వాన. కంప్యూటరుకి దుప్పటి చుట్టి తెచ్చింది గానీ తను మాత్రం తడిసి ముద్దయింది. ఏమివ్వాలో తోచక, తెరలు తుడిచే గుడ్డ అందించాను. దాన్నోసారి, నన్నోసారి చూసి, చున్నీతోనే తల తుడుచుకుంది.

నేను కంప్యూటర్లు బాగుచేస్తాను. వీధిలో అందరూ డాక్టరు అని పిలుస్తారు. ఆమె వీధి చివర మందుల షాపులో పనిచేస్తుంది. ఏడాదిగా చూస్తున్నాను. రోగం లేకుండా మందుల షాపుకి ఎన్నిసార్లని వెళ్తాం?

"దీని వయసెంత?" అన్నాను.

"పద్నాలుగు. నాన్న ఇంకోదాన్ని ముట్టుకోడు. ఫోను పోయిన వారమే కొన్నాను. అక్కకి పాప పుడితే వెళ్లి ఫొటోలు తీసుకొచ్చాను. ఇందులో ఒక్కటీ తెరుచుకోవడం లేదు. పెన్‌డ్రైవ్‌లో వేసి చూశా. ఉత్త తెల్ల డబ్బా వస్తోంది."

"ప్రింటు తీయించొచ్చుగా?"

"ప్రింటైనా ఫోనైనా చిన్నదంటాడు. ఆయన దీని మీదే చూస్తాడు. బాగా పెద్దది చేసుకుని, అటూ ఇటూ జరుపుకుంటూ."

పెద్దాయన మొండితనం అనుకున్నాను.

కొత్త ఫోన్లు కొత్త రకం ఫొటోలు తీస్తాయి. పాత కంప్యూటర్లకి ఆ రకం తెలియదు. ఫోనులో ఒక సెట్టింగు మారిస్తే చాలు, ఫొటోలు పాత రకంలోకి మారి దిగుతాయి. రెండు నిమిషాల పని. ఆమె తల తుడుచుకోవడం అయ్యేలోపే నాకు విషయం అర్థమైపోయింది.

కానీ నా నోరు ఊరుకోదుగా.

"వారం పడుతుందండీ. రోజూ సాయంత్రం ఫోను తీసుకొస్తే కలిపి చూడాలి."

ఆమె రోజూ వచ్చింది.

"డాక్టరు గారూ, రోగి ఎలా ఉన్నాడు?"

"మూలుగుతున్నాడు."

"చీటీ రాయండి, మందు నేనిస్తాను. మీ చేతిరాత అర్థం కాకపోతే నిజంగానే డాక్టరని నమ్ముతాను."

రెండో రోజు వాన వెలిసేదాకా కూర్చుంది. మూడో రోజు వాన లేకపోయినా కూర్చుంది. నాలుగో రోజు నేను, "ఇవాళ కాస్త కళ్లు తెరిచాడండీ," అన్నాను. ఎందుకో ఆమె నవ్వు సగంలో ఆగింది. నేను పట్టించుకోలేదు. అరగంట కూర్చుందని లోపల లెక్కేసుకుంటున్నాను.

ఆరో రోజు వచ్చి కూర్చోలేదు.

"నిజం చెప్పండి. ఇది అవుతుందా, అవదా? నాన్నకి చూపు పోతోంది. ఇంక రెండు మూడు వారాలేనని కంటి డాక్టరు చెప్పి అప్పుడే రెండు వారాలైంది. మనవరాలి మొహం ఒక్కసారి చూస్తానంటున్నాడు. ఆయనకి ఇంకేం అక్కర్లేదు."

నా చెయ్యి ఫోను దాకా వెళ్లింది. ఇప్పుడు రెండు నిమిషాల్లో చేసేస్తే, ఇన్నాళ్లూ ఏం చేశావని అడుగుతుంది. ఏం చెప్పాలి? సిగ్గుతో చచ్చిపోతాననిపించింది.

"ఫోను ఇవాళ్టికి ఇక్కడే ఉంచండి. రేపు సాయంత్రం అన్నీ మీ ఇంటికే తెచ్చి పెడతాను. ఖచ్చితంగా," అన్నాను.

ఆ ఒక్క రోజుకి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

మర్నాడు వాళ్ల నాన్న బల్ల ముందు ఉతికిన చొక్కా తొడుక్కుని కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి. వైర్లు బిగించి మీట నొక్కాను. ఫ్యాను మోత మొదలైంది. పాత యంత్రం కదా, నిద్రలేవడానికి టైము పడుతుంది. తెర ఇంకా నల్లగానే ఉంది.

"ఆహా," అన్నాడు పెద్దాయన. "ముక్కు అచ్చం మీ అమ్మదేనే."

మౌసు మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. నా వైపు చూసింది. కాసేపటికి తెర నిండా పాప మొహం వచ్చింది. వచ్చిందని ఆయనకి ఎవరం చెప్పలేదు.

మెట్ల మీద ఆమెకి అంతా చెప్పేశాను. "మొదటిరోజే అయిపోయేదండీ. మీరు రోజూ రావాలని ఆలస్యం చేశాను. మీరంటే నాకు ఇష్టం." ఏడాదిగా దాచుకున్న మాట అంత దరిద్రంగా బయటికొచ్చింది.

ఆమె గొంతు పెంచలేదు. "మొన్నటికి మొన్న గోడ గడియారం చూసి టైము చెప్పాడు నాన్న. మొన్నటికి మొన్న." తర్వాత లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

మూడు వారాలు గడిచాయి. తలనొప్పి మాత్ర కావాలన్నా పక్కవీధికే వెళ్లాను.

ఒక సాయంత్రం ఆమె వచ్చి నా షాపు గుమ్మంలో నిలబడింది. "నాన్న మిమ్మల్ని రమ్మంటున్నాడు. నేను పిలవడం లేదు, ఆయనే."

వానలో గొడుగు కూడా తీసుకోకుండా వెళ్లాను.

"కూర్చోవోయ్ డాక్టరూ," అన్నాడు పెద్దాయన. "ఫొటోలో ఏముందే అంటే, బాగుంది, బాగుంది అంటుంది మా అమ్మాయి. తప్పుల్లేని పేజీ నేను జన్మలో చూడలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు కావాలి."

"నేను అబద్ధం చెప్పినవాణ్ణండీ."

"తెలుసు. ఒకసారి పట్టుబడ్డావు కాబట్టి ఒళ్లు దగ్గర పెట్టుకుంటావు."

"ఆ వారం రోజులు నేను..."

"గడియారం సంగతా? అమ్మాయి చెప్పింది. ముల్లు కనబడక నెల దాటిందిలే. పక్కన బడి గంట విని చెప్పేవాణ్ణి. ఇది బెంగపెట్టుకుంటుందని."

అది నిజమో, నా బరువు దించడానికి అన్నాడో నాకు ఈ రోజుకీ తెలియదు. గుమ్మం దగ్గర నిలబడ్డ ఆమెకీ తెలియదనుకుంటాను.

తెర మీద మొదటి ఫొటో తెరిచాను.

"జుట్టు దాదాపు లేదండీ. చెవులు పెద్దవి. ఎడమ చెవి కాస్త మడతపడింది. నోరు తెరిచి ఏడుస్తోంది. ముక్కు..."

ఆగాను. గోడ మీద ఆమె తల్లి ఫొటో ఉంది. కోటేరేసిన ముక్కు.

"చెప్పవోయ్."

"ముక్కు అమ్మగారిది కాదండీ. చప్పిడిది."

పెద్దాయన మెల్లిగా వేలెత్తి తన ముక్కు కొస తడుముకున్నాడు.

"అయితే నాది," అన్నాడు. ఆయన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. "అమ్మాయ్, మొత్తం ఎన్ని ఫొటోలున్నాయే?"

"నూట నలభై నాన్నా."

"తొందరేం లేదు. రోజుకి ఒకటి చాలు."

ఆమె లోపలికి వెళ్లి పొడి తువ్వాలు తెచ్చి నా ఒళ్లో పడేసింది.

"తల తుడుచుకోండి," అంది. "రేపు గొడుగు తెచ్చుకోండి."