నెరిడా సంపాదన, ఫెర్గస్ వంట

ఫెర్గస్ డూలన్ మోచేతుల దాకా పిండిలో ఉన్నప్పుడు ఆ అమ్మాయి వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. భుజాన బరువైన సంచి, నుదుటికి అంటుకుపోయిన ఎర్రజుట్టు, ఒంటి నిండా దారి దుమ్ము.

"ఉన్ని ఏరే పనికేనా? మా మేస్త్రీ డగ్ అవతల షెడ్డులో ఉన్నాడు, ఆయన్ని కలవండి," అన్నాడు ఫెర్గస్.

"ఏరడానికి కాదు, కత్తిరించడానికి వచ్చాను. వంటామె ఏది?"

"వంటామె లేదు. వంటాయన ఉన్నాడు. నేనే."

ఇద్దరూ ఒకే పొరపాటు చేశారు. ఆ సంగతి ఇద్దరికీ అర్థమైంది. ఒప్పుకోవాలని మాత్రం ఇద్దరికీ లేదు. మగవాళ్లు వండితే మాంసం మాడిపోతుందని తనకు తెలుసంది ఆమె. ముందు తిని తర్వాత తిట్టమన్నాడు అతను. ఆ సాయంత్రం ఆమె మూడోసారి పళ్లెం చాపింది, తిట్టడం మాత్రం మర్చిపోయింది.

ఆమె పేరు నెరిడా. బల్రానాల్డ్ ఊరికి ఉత్తరాన ఉన్న ఆ పెద్ద గొర్రెల ఫారంలో, డగ్ జట్టులో కొత్తగా చేరింది. మొదటి రోజు మిగతావాళ్లు ఆమెను చూసి నవ్వుకున్నారు. రెండో రోజు తమ పని మానేసి ఆమె చేతులు చూశారు. గొర్రెను కూర్చోబెట్టి మోకాళ్ల మధ్య ఇరికించి, పసిపిల్లకు చొక్కా విప్పినట్టు ఉన్ని మొత్తాన్ని ఒకే దుప్పటిలా ఒలిచేసేది. గొర్రె కూడా, తనకేం జరిగిందో తెలియనట్టు, తెల్లగా సన్నగా లేచి నడుచుకుంటూ పోయేది.

ఫెర్గస్‌కి ఆ పని తెలియక కాదు. అతని తాత ఉన్ని కత్తిరించాడు. తండ్రి క్లైవ్ ఆ చుట్టుపక్కల షెడ్లన్నిటిలో పేరు మోసినవాడు. ఫెర్గస్ కూడా కుర్రతనంలో మర కత్తెర పట్టాడు. మొదటి గొర్రెకి తగిలిన గాట్లు చూసి దానికి క్షమాపణ చెప్పుకుని, వంటగదిలోకి వచ్చేశాడు. మళ్లీ బయటికి రాలేదు. తండ్రి ఇప్పటికీ, మావాడు షెడ్లలో పనిచేస్తాడని అందరికీ చెప్పేవాడు. ఏ పనో చెప్పేవాడు కాదు.

విరామం గంట మోగగానే ఫెర్గస్ టీ కెటిల్, కేకులు పట్టుకుని షెడ్డుకి వెళ్లేవాడు. కొబ్బరికోరులో దొర్లించిన చాక్లెట్ కేకు ముక్కలు నెరిడాకి ఇష్టమని కనిపెట్టాక, అవి తరచుగా రావడం మొదలయ్యాయి. జట్టులో అందరూ గమనించారు. తమకూ కేకులు దొరుకుతున్నాయి కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

ఒకరోజు తెల్లవారేసరికి సన్నగా జల్లు పడి ఆగింది. గొర్రెలు తడిగా ఉంటే కత్తిరించరు. తడిగా ఉన్నాయా లేదా అని పనివాళ్లే చీటీలు వేసి తేల్చుకుంటారు. ఆ రోజు వద్దన్న చీటీ ఒక్కటి ఎక్కువ పడింది. అలా అందరికీ సెలవు దొరికింది. కాసేపటికి అసలైన వాన మొదలై రేకుల కప్పు మీద దడదడలాడింది.

నెరిడా వంటగదిలోకి వచ్చి, బంగాళాదుంపలు చెక్కు తీస్తానంది. గొర్రె మీద అంత నాజూగ్గా తిరిగే చెయ్యి దుంప మీద తిరిగితే సగం దుంప తొక్కతోపాటే పోయింది. ఫెర్గస్ అది చూశాడు. నవ్వు ఆపుకోవడానికి పొయ్యి వైపు తిరిగాడు.

"నువ్వేం వేశావు చీటీలో?" అని అడిగాడు అటు తిరిగే.

"అది చెప్పకూడదు."

"సరే, చెప్పకు."

ఆమె ఇంకో దుంప పాడుచేసింది.

"నేను పట్టుకు చూసిన గొర్రె పొడిగానే ఉంది," అంది మెల్లగా. "అయినా తడి అనే వేశాను."

వాన పెద్దదైంది. ఆ రోజు భోజనం ఆలస్యమైంది.

ఆ ఫారంలో పని ముగిసే వారంలో నెరిడా అతనికి అసలు సంగతి చెప్పింది. డగ్ పని మానుకుంటున్నాడు, వచ్చే ఏడాది నుంచి జట్టు తనదే. తనకు పనంటే ప్రాణం, ఇంటి పనంటే చిరాకు. పిల్లలు మాత్రం కావాలి. ఫెర్గస్‌కి ఇల్లంటే ఇష్టమని, పిల్లలంటే ఇంకా ఇష్టమని గమనించింది.

"నేను సంపాదిస్తాను, నువ్వు ఇల్లు చూడు. నన్ను పెళ్లి చేసుకుంటావా?"

ఫెర్గస్ ఆలోచించలేదు. సరే అన్నాడు. ఆలోచన ఆదివారం వచ్చింది, బల్రానాల్డ్‌లో తండ్రి భోజనాల బల్ల దగ్గర.

క్లైవ్ అంతా విన్నాడు. నడుం పాడైనప్పటి నుంచీ ఆయన కుర్చీలో కొంచెం పక్కకు ఒరిగి కూర్చుంటాడు. "మా నాన్న తెచ్చిపెట్టాడు, నేను తెచ్చిపెట్టాను," అన్నాడు. "పెళ్లాం తెచ్చింది తింటూ కూర్చునే మొగుడు ఈ ఇంట్లో పుట్టలేదనుకున్నాను." తల్లి జోన్ ఎంగిలి పళ్లేలు తీసింది.

ఆ మాట ఫెర్గస్‌కి ముల్లులా దిగింది. వారం తిరక్కుండా ఊరి దగ్గరున్న ఇసుక గనిలో లారీ డ్రైవరుగా చేరాడు. నెరిడాని కలిసి, రెండేళ్లు ఓపిక పడితే ఇల్లు కొంటాననీ, ఆమె కష్టపడాల్సిన అవసరం లేకుండా తనే పోషిస్తాననీ గర్వంగా చెప్పాడు.

ఆమె కారు తలుపు తెరిచి, అక్కడే నిలబడింది.

"నన్ను పోషించమని నేనడిగానా?"

"మగవాడిగా అది నా బాధ్యత కదా."

"నాకు బాగా నచ్చినవాడు ఒకడుండేవాడు, ఫెర్గస్. వాడి దగ్గర రొట్టె వాసన వచ్చేది. వాణ్ని మీ నాన్న కోసం పంపించేశావు," అని, కారెక్కి వెళ్లిపోయింది.

రెండు నెలలు అతను ఇసుకను ఒక గుట్ట నుంచి ఇంకో గుట్టకి మోశాడు. జీతం బాగానే వచ్చింది. గని క్యాంటీన్‌లో కేకు తిన్నప్పుడు మాత్రం, చేసినవాడి మీద జాలేసి సగం వదిలేసేవాడు.

ఒక సెలవురోజు ఇంటికొస్తే, జోన్ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. కొడుకు ముఖం చూసి, తడి దుప్పటి ఒక కొస అతని చేతికిచ్చింది.

"నాన్న నడుం పోయింది నీ చిన్నప్పుడు. ఆ తర్వాత ఆయన షెడ్డుకి వెళ్లడం చూశావా?"

ఫెర్గస్ గుర్తు చేసుకున్నాడు. తండ్రి రోజూ పొద్దున్నే టోపీ పెట్టుకుని బయటికి వెళ్లేవాడు. ఎక్కడికో ఎప్పుడూ అడగలేదు.

"నేను ఆస్పత్రి లాండ్రీలో చేస్తే ఇల్లు గడిచింది," అంది జోన్. "ఊసుపోక చేస్తున్నానని నీకు చెప్పాం. జీతం తెచ్చి ఆయన చేతిలో పెట్టేదాన్ని. ఆయన ప్రతి శుక్రవారం నీ ముందు, ఇంటి ఖర్చుకని నాకు తిరిగిచ్చేవాడు. అలా చేస్తే ఆయన తలెత్తుకుని తిరుగుతాడని నేనే ఆ ఏర్పాటు చేశాను."

"ఇన్నాళ్లూ చెప్పలేదేంటమ్మా?"

"చెప్పే అవసరం రాలేదు. ఇప్పుడు మా నాటకం నిజమనుకుని బంగారంలాంటి పిల్లను పోగొట్టుకుంటున్నావు."

దుప్పటి అవతల దగ్గు వినబడింది. క్లైవ్ వరండా మెట్ల మీద నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచి ఉన్నాడో తెలియదు. ముఖం ఎర్రబడింది. భార్య వైపు చూడలేక తీగ మీది బట్టల్ని చూశాడు. తర్వాత లోపలికి వెళ్లి టోపీతో తిరిగొచ్చాడు.

"ఆ పిల్ల ఇప్పుడు ఏ షెడ్డులో ఉంది?" అని అడిగాడు.

మర్నాడు తండ్రీకొడుకులు వెళ్లేసరికి షెడ్డు హోరెత్తిపోతోంది. క్లైవ్ గోడకు ఆనుకుని నెరిడా పని చూశాడు. ఒక గొర్రె, ఇంకో గొర్రె. చాలా ఏళ్లుగా ఆయన ఏ షెడ్డు గడపా తొక్కలేదని ఫెర్గస్‌కి అప్పుడే తట్టింది. తండ్రి మోకాళ్లు ఆమె లయకు కొంచెం కొంచెం వంగుతున్నాయి.

గంట మోగింది. నెరిడా నడుం మీద చేతులు పెట్టుకుని లేచి, వాళ్లను చూసింది.

"మీ నాన్నగారా?"

"ఆ. నేను గని వదిలేశాను."

"మరి నన్ను పోషించడం?"

"వండి పోషిస్తాను. ఇంకేదీ నాకు సరిగ్గా రాదు. నువ్వు సంపాదిస్తే తినడానికి సిగ్గుపడను. నాకు కావలసింది కూడా అదే, నెరిడా. మొదట సరే అన్నప్పుడు నిజమే చెప్పాను."

ఆమె ఉన్ని జిడ్డు అంటిన చేతులు తుడుచుకోబోయి, తుడుచుకోకుండానే అతని చెంపలు పట్టుకుంది. "రెండు నెలలుగా డబ్బా చిక్కుళ్లు తింటున్నాను," అంది. "ఆ పాపం నీదే." వెనకాల జట్టంతా, వంటాయన ఈ పూట నుంచే వండుతాడా అని ఆత్రంగా అడిగింది.

వేసవి చివర్లో బల్రానాల్డ్ హాల్లో పెళ్లి జరిగింది. పెళ్లికొడుకు తన కేకు తనే చేసుకున్నాడు. భోజనాల వేళ క్లైవ్ పాత స్నేహితుడు మెర్వ్ గ్లాసు ఎత్తి, నలుగురూ వినేలా అన్నాడు, "ఏం క్లైవ్, మీవాడు ఇక పెళ్లాం సంపాదన తింటాడటగా?"

పక్క బల్లల వాళ్లు ఇటు తిరిగారు. ఫెర్గస్ చేతిని నెరిడా బల్ల కింద గట్టిగా పట్టుకుంది.

"తింటాడు," అన్నాడు క్లైవ్. "మా ఇంట్లో అది ఆచారం. నేనూ అలాగే తిన్నాను. చాలా ఏళ్లు తిన్నాను. వడ్డించింది కూడా తనే," అని జోన్ వైపు చూపించాడు.

మెర్వ్ గ్లాసు దించాడు. పళ్లెం పట్టుకుని ఎవరికో వడ్డించబోతున్న జోన్ ఉన్నచోటే ఆగిపోయింది. క్లైవ్ కష్టంగా లేచి, ఒక చేత్తో నడుం పట్టుకుని ఆమె దగ్గరికి నడిచాడు. ఆమె చేతిలోంచి పళ్లెం తీసుకుని, దగ్గర్లోని కుర్చీ లాగాడు.

"కూర్చో జోన్. నీకేం కావాలో నేను తెస్తాను."

ఆమె కూర్చుంది. మాంసం, కొంచెం దుంపలు కావాలంది. క్లైవ్ పళ్లెంతో హాలు మధ్యలో నిలబడి అటూ ఇటూ చూశాడు. ఏది ఎక్కడుందో ఆయనకు తెలియలేదు.

ఫెర్గస్ లేచి వెళ్లి చూపించాడు.