తొందరపడిన గంట

"వాడికి బాక్సింగ్ రాదు."

"రాకపోతే ఏం? పడగొట్టడం వచ్చుగా!"

"పడగొట్టడం గోడకి కూడా వచ్చు. మీద పడితే ఎవడైనా పోతాడు. గోడని చాంపియన్ అంటామా?"

"గోడ మీద పడబోతే నువ్వు పక్కకి తప్పుకుంటావులే. నీకొచ్చిన విద్య అదొక్కటేగా!"

జిమ్ మాస్టారి కూతురు అన్న ఆ మాటకి అక్కడున్నవాళ్ళంతా గొల్లుమన్నారు. దోమ మొహం మాడిపోయింది.

దోమ అంటే మనిషే. పగలంతా మోటార్ వైండింగ్ షాపులో సన్నటి రాగితీగ చుడతాడు. సాయంత్రం ఈ రేకుల గోడౌన్ జిమ్‌కొచ్చి గ్లవ్స్ తొడుగుతాడు. రింగులో ఒకచోట నిలవడు. వస్తాడు, కుడతాడు, పోతాడు. ఎదుటివాడు చెయ్యెత్తేసరికి అక్కడుండడు. అందుకే ఆ పేరు. ఇంకెవరైనా పెట్టి ఉంటే పళ్ళు రాలగొట్టేవాడు. పెట్టింది మాస్టారి కూతురు కాబట్టి నెత్తిన పెట్టుకుని తిరుగుతున్నాడు.

మాస్టారి కూతురు పగలు ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. సాయంత్రం మెడలో స్టాప్‌వాచ్ వేసుకుని, రింగు పక్కన స్తంభానికి వేలాడే ఇనప గంట దగ్గర కూర్చుంటుంది. ఆమె కొడితే రౌండ్ మొదలు, మళ్ళీ కొడితే ఆఖరు. గంట విషయంలో కన్నతండ్రి మాట కూడా ఖాతరు చెయ్యదు.

ఇక ఈ గొడవకి కారణం సమ్మెట. మార్కెట్లో లారీల మీంచి బస్తాలు దించే మనిషి. తలుపులో పట్టడు. జిమ్‌లో చేరి ఏడాది కాలేదు. కాళ్ళు కదలవు, ఎడంచేతి జాబ్ సూటిగా పడదు, మొహానికి అడ్డం పెట్టాల్సిన గార్డ్ ఎప్పుడూ కిందికి జారుతూనే ఉంటుంది. కానీ ఆ కుడిచెయ్యి ఒక్కసారి తగిలిందా, ఎదుటివాడు వెల్లకిలా పడి పైకప్పు రేకులు లెక్కపెట్టుకోవాల్సిందే. హెవీవెయిట్ పోటీల్లో దిగినవాణ్ణల్లా పడుకోబెట్టాడు. దాంతో జిమ్ రెండుగా చీలింది. బలముంటే చాలు, నేర్పెందుకని సగం మంది. నేర్పు లేని బలం ఎన్నాళ్ళని మిగతా సగం.

దోమ నేర్పు పక్షం. ఆమె బలం పక్షం, ఒక్క దెబ్బ చాలంటుంది. అక్కడే వచ్చింది కడుపుమంట.

నిజానికి గొడవ బాక్సింగ్ గురించే అయితే దోమ హాయిగా తిని పడుకునేవాడు. కానీ సమ్మెట రింగులో దిగితే చాలు, ఆమె తల దించుకునేది. ఎవరినైనా కళ్ళలోకి సూటిగా చూసి చీవాట్లు పెట్టే మనిషి, వాడు దిగగానే నేలచూపులు! సిగ్గు కాక ఏమిటది? అది చాలదన్నట్టు సమ్మెట ఓ రోజు నిగనిగలాడే ఎర్ర బూట్లు వేసుకొచ్చాడు.

"బూట్లు బాగున్నాయి," అంది ఆమె.

సమ్మెట చెవులు కూడా బూట్ల రంగుకి తిరిగాయి. "థాంక్సండీ మేడం," అన్నాడు.

దోమ మూడేళ్ళుగా ఆమె కంట పడాలని చొక్కాలు మార్చాడు, క్రాఫు మార్చాడు, ఆఖరికి మీసం తీసేశాడు. ఒక్కదాన్నీ బాగుందనలేదు. ఒళ్ళు మండదూ మరి? ఇలాంటి వాటికి కుళ్ళుకోనివాడెవడైనా ఉంటే వాడు ప్రేమించనే లేదని నా లెక్క.

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. రేకుల మీద ఎవరో గుప్పెళ్ళతో శనగలు విసురుతున్నట్టు ఒకటే చప్పుడు. దోమ, ఆమె జిమ్ చూరు కింద నిలబడ్డారు. ఆమె చేతిలో గొడుగుంది. అయినా తెరవకుండా నిలబడింది. ఆ సంగతి దోమ గమనిస్తేగా! కుళ్ళు పట్టినవాడికి పక్కనున్న గొడుగు కనిపించదు, ఎక్కడో ఉన్న ఎర్ర బూట్లు కనిపిస్తాయి.

"నిజం చెప్పు. వాడిలో ఏం చూశావు?"

"చెప్పాగా, కుడిచెయ్యి."

"నేను దిగితే వాడికి చిక్కుతానా? గాలిని కొట్టి కొట్టి వాడే అలిసిపోతాడు."

"నువ్వు రౌండంతా కరెక్టుగా ఉండాలి. వాడు ఒక్కసారి కరెక్టుగా ఉంటే చాలు. తేడా అదే." ఆమె గొంతు తగ్గింది. "మొన్న వాడి చేతిలో పడిపోయిన మనిషి దవడకి ఎక్స్‌రే తీసింది నేనే. రెండుచోట్ల విరిగింది. పాపం, అరవడానికి కూడా నోరు తెరవలేకపోయాడు."

"అబ్బో, ఏం మురిపెం! ఆ ఫిల్ముకి ఫ్రేము కట్టించి ఇంట్లో పెట్టుకోకపోయావా?"

ఆమె వాడికేసి తిరిగింది. "నీ తలకి కూడా ఒక ఫిల్ము తియ్యాలి. లోపల ఏమైనా ఉందో లేదో తెలుస్తుంది."

అప్పుడైనా చెప్పెయ్యాల్సింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"అది కాదు... నాకు... నువ్వు..."

"ఊఁ?"

"నువ్వు... స్టాప్‌వాచ్‌కి బ్యాటరీ మార్చావా?"

ఆమె గొడుగు ఫట్‌మని తెరిచి వానలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు దోమ తిన్నగా మాస్టారి ముందుకెళ్ళాడు. "సమ్మెటతో నేను దిగుతా మాస్టారూ."

"వాడు నీకు రెండింతలున్నాడురా!"

"వాడికి కాళ్ళు కదపడం నేర్పాలంటున్నారుగా. నేర్పుతా."

మాస్టారు గడ్డం గోక్కున్నారు. ఇద్దరికీ హెల్మెట్లు, దళసరి గ్లవ్స్ తెప్పించారు. "ఒరే సమ్మెటా, ఊరికే తగిలించు. గట్టిగా వేశావో, తాట తీస్తా."

"సరే మాస్టారూ," అన్నాడు సమ్మెట బుద్ధిగా.

"వద్దు నాన్నా," అంది కూతురు.

"ఏం? ఎవరికి తగులుతుందని భయం?" అన్నాడు దోమ.

ఆమె పోయి సమ్మెట గ్లవ్స్ లేసులు కట్టింది. కడుతూ చెవిలో ఏదో చెప్పింది. సమ్మెట తలూపాడు. ఇక దోమ లోపల పెనం కాలినట్టు కాలింది.

గంట మోగింది.

దోమ ఆరోజు ఆడినట్టు ఎప్పుడూ ఆడలేదు. సమ్మెట చెయ్యి చాపితే దోమ ఎడమన ఉన్నాడు, తిరిగేసరికి వీపు వెనక ఉన్నాడు. ముక్కు మీద జాబ్, పక్కనుంచి చెవి మీద హుక్. ఊరుకున్నాడా? నోరు కూడా కలిపాడు.

"ఏరా, బస్తాలైతే కదలవు కదా, కొట్టడం తేలిక!"

నేర్పు పక్షం ఈలలేసింది. సమ్మెట మొహం కందిపోయింది. దోమ గర్వంగా గంట వైపు ఓ చూపు విసిరాడు. ఆమె చూడట్లేదు! తల దించుకునే ఉంది! ఆ ఎర్ర బూట్లనే చూస్తోంది!

అంతే. ఇప్పటిదాకా కదులుతున్న కాళ్ళు ఆగిపోయాయి. వీణ్ణి ఒక్క దెబ్బతో పడేస్తే తలెత్తి చూస్తుందిగా! దోమ నేలకి అతుక్కుని, ఉన్న బలమంతా కుడిచేతిలోకి తెచ్చుకున్నాడు.

ఠంగ్!

ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఆగిపోయాయి. మాస్టారు గోడ గడియారం చూశారు. "అదేంటమ్మా, రౌండ్ ఇంకా ఉందిగా?"

దోమ నోట్లోని పళ్ళ గార్డ్ ఊసి అరిచాడు. "వాడు ఓడిపోతుంటే చూళ్ళేకపోయావా? కాపాడుకున్నావా?"

ఆమె మొహం పాలిపోయి ఉంది. మెడలోంచి స్టాప్‌వాచ్ తీసి దోమ గ్లవ్ మీద పెట్టింది. "అవును. కాపాడుకున్నా," అని బయటికి వెళ్ళిపోయింది.

దోమ తాళ్ళకి ఆనుకుని కూలబడ్డాడు. సమ్మెట వచ్చి పక్కన కూర్చుంటే రింగు పలకలు కిర్రుమన్నాయి.

"అన్నా, ఆ గంట నాకోసం కాదు."

"నోర్ముయ్. అన్నా అనకు."

"నాకు కోపం వచ్చేసిందన్నా. మాస్టారు చెప్పింది మర్చిపోయా. నేను కుడిచెయ్యి విసిరేముందు ఎడమ పాదం బయటికి తిరుగుతుందంట. నాకే తెలీదు. ఇందాక లేసులు కడుతూ మేడం చెప్పింది. నీతో ఆడేటప్పుడు ఆ పాదం తిరిగితే గంట కొట్టేస్తా, ఏమీ అనుకోవద్దని." సమ్మెట తన గ్లవ్‌కేసి తనే భయంగా చూసుకున్నాడు. "తిరిగేసిందన్నా. నువ్వేమో కదలకుండా నిలబడ్డావు."

దోమ దవడ తడుముకున్నాడు.

"ఇన్నాళ్ళూ మేడం నా కాళ్ళకేసే చూస్తుంటే, పాత బూట్లు అసహ్యంగా ఉన్నాయేమోనని సిగ్గేసింది," అన్నాడు సమ్మెట. "కొత్తవి కొన్నా. వేళ్ళు ఒకటే నొక్కుతున్నాయి."

మిగతాది వినడానికి దోమ అక్కడ లేడు. గ్లవ్స్ విప్పకుండానే బయటికి పరిగెత్తాడు.

మళ్ళీ వాన. ఆమె చూరు కిందే ఉంది. గొడుగు తెరవలేదు. ఈసారి దోమ చూశాడు.

"ఏం, బ్యాటరీ సంగతి అడగడానికి వచ్చావా?"

దోమ ఇటు ఒక అడుగు వేశాడు, అటు ఒక అడుగు వేశాడు.

"తిరక్కు. నిలబడు," అంది ఆమె.

నిలబడ్డాడు. "నువ్వంటే నాకు ప్రాణం. నువ్వు వాడికేసి చూస్తుంటే రోజూ చచ్చాను. నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

ఆమె చేతిలో గొడుగు జారి నీళ్ళలో పడింది. వంగి తీసుకోనూ లేదు.

వెనక గుమ్మంలోంచి బొంగురు గొంతు వినిపించింది. "ఒకటి... రెండు... మూడు..."

రింగులో కిందపడ్డవాడికి పెట్టినట్టు సమ్మెట పదిదాకా లెక్కపెడుతున్నాడు. వాడి భుజాల సందుల్లోంచి జిమ్ మొత్తం తొంగి చూస్తోంది. అందరి ముందూ మాస్టారే.

"ఏడు... ఎనిమిది..."

"ఆపు బాబూ, లేచాను!" అంది ఆమె. కళ్ళు తుడుచుకుని దోమ వైపు తిరిగింది. "ఒక్క దెబ్బ చాలు, ఒక్క దెబ్బ చాలు అని ఇన్నాళ్ళూ గొంతు చించుకున్నది ఎవరికోసమనుకున్నావు? తిరగడం మాని నువ్వూ ఇలా సూటిగా ఒక్కటి వేస్తావనేగా!"

మాస్టారు గొంతు సవరించుకున్నారు. దోమ రెండు గ్లవ్సూ వెనక్కి దాచుకున్నాడు.

"ముందు వాడి గ్లవ్స్ విప్పమ్మా," అన్నారు మాస్టారు. "వాటితో నీ చెయ్యెలా పట్టుకుంటాడు?"

ఆమె లేసులు విప్పుతూ, "ఒక మాట. పోటీలయ్యేదాకా సమ్మెట పాదం నేను చూడక తప్పదు. ఆ అలవాటు మాన్పించాలి," అంది.

"చూడు. పాదం ఎంతసేపైనా చూడు," అన్నాడు దోమ. "బూట్లు బాగున్నాయని మాత్రం అనకు."