ముప్పై ఎనిమిది మిల్లీమీటర్ల మెడ

మానేరు డ్యాంలో తేలిన శవం జేబులో ఒక్కటే వస్తువు దొరికింది. రూపాయి బిళ్లంత బటన్ బ్యాటరీ.

"మనోడే, వెంకటి," అన్నాడు చీఫ్ రామచంద్రం. కరీంనగర్ బస్టాండు వెనక చాయ్ హోటల్లో మూల బల్ల అతని ఆఫీసు. "గొంతు పిసికి నీళ్లల్ల పడేసిండ్రు. ల్యాబోళ్లు బ్యాటరీని కోసి చూసిండ్రు. ట్రాన్స్‌మిటర్ లేదు, చిప్ లేదు. ఉత్త బ్యాటరీ."

ఏజెంట్ సాల్మన్ వేలికి ఉన్న ఉంగరాన్ని తిప్పుకుంటున్నాడు. కొత్త పెళ్లికొడుకు. ఉంగరం ఇంకా వేలికి అలవాటు కాలేదు.

"అసైన్‌మెంట్?"

"ఎర్రగుట్ట బొగ్గుగని. కార్మికుల బండి ఏటవాలుగ లోపలికి దిగుతది. బండికీ ఇనుప తాడుకూ మధ్యల ఒక్కటే పిన్ను. విదేశీ బొగ్గు అమ్మే ముఠా ఆ పిన్ను మీద కన్నేసింది. అది తెగితే గని మూత. తెల్లారితే మన రేవులల్ల వాళ్ల ఓడలు."

ఉంగరం తిరగడం ఆగింది. ఎర్రగుట్టలో పనిచేసేది సాల్మన్ మామ అహరోను. భార్య హెప్సిబా తండ్రి.

"కొత్త పిన్ను ఇయ్యాలనే బిగిస్తుండ్రు. సెకండ్ షిఫ్టు దాని మీదనే దిగుతది. పిన్ను చేసిన వర్క్‌షాపుల మన డబుల్ ఏజెంట్ జ్యోతిరాణి డిజైనర్. ఫైలు క్లీన్ అంటున్నది. నువ్వొకసారి చూడు. అనుమానం మీద గని ఆపమంటే పైనోళ్లు వినరు. రుజువు తే."

సేఫ్టీ ఆడిటర్ వేషంలో, చేతిలో టిఫిన్ డబ్బాతో సాల్మన్ వర్క్‌షాపులో అడుగుపెట్టాడు. నల్లకళ్లద్దాలు జుట్టు మీదికి తోసుకుని జ్యోతిరాణి ఎదురొచ్చింది. గ్రీజు వాసన మధ్య ఆమె సెంటు గుప్పుమంది.

"మానేరుల నీళ్లున్నయా?" అన్నాడు.

"గేట్లు ఎత్తిండ్రు," అంది. కోడ్ సరిపోయింది.

ఇన్‌స్పెక్షన్ గదిలో ఒక మూల డ్రిల్లింగ్ మిషను, బల్ల మీద ఒకే ఒక్క కంప్యూటర్. రహస్యం పేరుతో దానికి నెట్ తీసేశారు. తెర మీద ఒక పక్క ఎక్సెల్ షీటు, ఇంకో పక్క పిన్ను కంప్యూటర్ బొమ్మ, క్యాడ్ మోడల్. షీటులో ఒక్కో వరుస ఒక్కో సైజు పిన్ను. గడిలో అంకె మారితే చాలు, మోడల్ తనంతట తానే రూపు మార్చుకుంటుంది. అదే ఫైలును కోత మిషను చదువుకుని ఉక్కును చెక్కుతుంది.

ఎర్రగుట్ట వరుస. పిన్ను మెడ మందం: 38 మిల్లీమీటర్లు. ఎక్కడా వంక లేదు.

"మెడ మీద ఉక్కు కాలర్ బిగించినంక లోపల ఎంతుందో దేవునికే ఎరుక," అని నవ్వింది జ్యోతిరాణి. "అందుకే ఎవరొచ్చినా ఇక్కడనే చూసి సంతకం పెడతరు. నువ్వు గూడ పెట్టి పో."

ఆమె బయటికి వెళ్లింది. సాల్మన్ డబ్బా మూత తీశాడు. పొగలు కక్కుతున్న పప్పుచారు. అన్నం కింద దాచిన ఆమ్లెట్. హెప్సిబా అంతే, అడిగితే లేదంటుంది, దాచి పెడుతుంది! ముసిముసిగా నవ్వుకుంటూ, తినే వేళయిందా అని తెర మూలకు చూశాడు.

జనవరి 1, 2010.

ఆ కంప్యూటర్ లెక్కన అతనికి ఇంకా పెళ్లి కాలేదు. హెప్సిబా ఇంకా బడికి పోతోంది.

నవ్వు సగంలోనే చచ్చింది. లోపలి బటన్ బ్యాటరీ లేకపోతే, ఆపి వేసిన ప్రతిసారీ కంప్యూటర్ పాత తేదీకి జారిపోతుంది. వెంకటి జేబులో ఉన్నది అలాంటి బ్యాటరీయే.

సాల్మన్ ఇవాళ్టి తేదీ కొట్టాడు. గడిలో అంకె మారింది. 38 కాస్తా 22. పక్కన మోడల్ మెడ నలిపిన బీడీలా సన్నబడింది. తాళం వేసిన ఆ గడిలో ఎవరో తేదీని బట్టి మారే సూత్రం దాచారు. చూసేవాళ్లకు పాత తేదీ, పాత అంకె. కోత మిషనుకు అసలు తేదీ.

"వెంకటి గూడ గంతే," అంది వెనక నుంచి జ్యోతిరాణి. చేతిలో సైలెన్సర్ పిస్టల్. "బ్యాటరీ కొనుక్కొచ్చి దొరికిపోయిండు."

"బండి నిండ మనుషులుంటరు, రాణీ."

"గనిల దిగేటోళ్లు ఎన్నడో ఒకనాడు సచ్చేటోళ్లే గదా."

"సరే. సచ్చేముందు ఒక్క బుక్క తిననియ్యి. కొత్త పెండ్లాం వండింది."

ఆమె పకపకా నవ్వింది. పప్పుచారు సూటిగా ఆమె కళ్లలో పడింది. గుండు గోడలో దిగింది. మరుక్షణం పిస్టల్ అతని చేతిలో, ఆమె చేయి డ్రిల్లింగ్ మిషను కాలికి బేడీలో.

గనిలోకి ఫోన్లు తీసుకుపోనివ్వరు. సాల్మన్ గని పైన కార్మికులకు దీపాలిచ్చే ల్యాంపు రూముకు ఫోన్ కొట్టాడు.

"అన్నా, అహరోను అల్లుణ్ని. బండి దిగిందా?"

"ఎక్కి కూసున్నరు. మైసమ్మకు కొబ్బరికాయ అయింది," అన్నాడు క్లర్కు. "అహరోనన్న ప్రార్థన నడుస్తున్నది. కొత్త సామాను బిగించిన్నాడు ఆమెన్ అనంది బండి కదిలియ్యరు. గది ఈడి రివాజు."

పెళ్లినాడు మామ చేసిన అలాంటి పొడుగాటి ప్రార్థనకే బిర్యానీ చల్లారింది. సాల్మన్ లోలోపల ఎంత తిట్టుకున్నాడో!

"ఆమెన్ అననియ్యకు! అందరిని దింపు! పిన్ను తెగుతది!"

అవతల రిసీవర్ బల్ల మీద పడింది. పరుగు. కేకలు. దిగండి, దిగండి. ఆ తర్వాత ఇనుము విరిగిన చప్పుడు, భూమి కడుపులోకి జారిపోతున్న పెద్ద రొద. అది ఆగాక ఏమీ లేదు.

సాల్మన్ ఉంగరాన్ని పిడికిట్లో బిగించాడు.

"అల్లుడా?" రొప్పుతున్న గొంతు. "ఆఖరి మనిషి కాలు తీసుడు, బండి తెగిపోవుడు. అందరం బయటనే ఉన్నం. నా ప్రార్థన సగంల ఆగింది బిడ్డా."

"మిగిలింది ఇప్పుడు చేసుకో మామా. ఎంతసేపైనా మంచిదే. వెంకటి అని ఒక పిలగాడు... వాని పేరు గూడ కలుపు."

ఫోన్ పెట్టేలోపే ఇంకో కాల్. హెప్సిబా.

"తిన్నవా? పప్పుచారు ఎట్లుండె?"

సాల్మన్ డ్రిల్లింగ్ మిషను వైపు చూశాడు. "మస్తు ఘాటుగుండె. ఈడ ఒకామె కండ్లల్ల నీళ్లు ఇంకా ఆగలే."