తిరగాలి, ఊగకూడదు

కోడలు లక్ష్మణమ్మ అందించిన ఇత్తడి గ్లాసుని జగన్నాధం మామూలుగా పుచ్చుకున్నాడు. అప్పుడే పొయ్యి మీంచి దించిన టీ. ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనాలి, ఎవరైనా వెనక్కి లాక్కోవాలి. ఆయన తాపీగా పట్టుకునే కూర్చున్నాడు. లక్ష్మణమ్మ ఆ వేళ్ళకేసి ఒక్కసారి చూసి, వెళ్ళి రాట్నం ముందు కూర్చుంది. కనిపెట్టేసిందేమోనని ఆయన గ్లాసు గబుక్కున కింద పెట్టేశాడు.

నెల్లిమర్ల జూటు మిల్లులో ముప్పై రెండేళ్ళు ఫిట్టరుగా చేసి, పందొమ్మిది వందల అరవై ఏడులో రిటైరయ్యాడు. పోయిన వేసవిలో పట్టుకున్న తిమ్మిరి వేలికొసల్ని మొద్దుబార్చేసింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఏమని చెప్తాడు పాపం? ఆ చేతులు తప్ప ఆయనకి ఇంకేముంది గనక.

కొడుకు గంగులు అప్పుడే మోటారుసైకిలు వాకిట్లో ఆపాడు. రేవులో చేపలు కొని, సైడ్‌కారు పెట్టెలో మంచు వేసి, సాలూరు ఘాటీ మీదుగా పైకి తీసుకెళ్ళి అమ్మడం అతని పని. ఆ బరువుకి బండి ఘాటీ ఎక్కలేక ఈసురోమంటోంది, ఈలోగా మంచు కరిగి సగం సరుకు పాడవుతోంది. అందుకే విశాఖపట్నం నుంచి బరువు లాగేలా ఇంజను వాల్వుల్ని ఎత్తే కొత్త క్యామ్ తెచ్చాడు. దాంతోపాటు తెచ్చిన, దాని కదలికని వాల్వులకి అందించే రెండు రకాల పుష్‌రాడ్లని గోనె మీద పరిచాడు.

"ఏవి ఎయ్యమంటావు నాన్నా? ఈ ఉక్కువి కొలతకి కోసేసినవి, సర్దే పనిలేదు. ఈ తేలికవాటికి కొసని మర ఉన్నాది. పొడుగు మనం పెట్టుకోవాల."

చూడగానే జగన్నాధానికి జవాబు తెలిసిపోయింది. కొత్త క్యామ్ నడుం సన్నం. దాన్ని అందుకోవడానికి ఆ ఉక్కు కడ్డీలు పొట్టి, పైగా బరువు. మర ఉన్నవే వెయ్యాలి. కాని వాటిని సర్దేవాడు కడ్డీని రెండు వేళ్ళ మధ్య పట్టి చూడాలి. తిరగాలి, ఊగకూడదు. వెంట్రుకవాసి బిగిసినా వాల్వు మూసుకోక కాలిపోతుంది.

"గ్యారంటీ ఇంకా నాలుగు నెలలున్నాది కదరా. ఇంజను సీలు తీసినామంటే కంపెనీవోడు మన మొహం సూడడు. నడిసినన్నాళ్ళు నడవనీ."

"గ్యారంటీ కాయితం ఘాటీ ఎక్కిస్తాదేటి?"

"అలగైతే ఉక్కువి ఎయ్యి."

గంగులు తండ్రివైపు సూటిగా చూశాడు. "పొట్టి కడ్డీ ఎయ్యకురా అని నాకు నేర్పింది నువ్వే కదా. ఇప్పుడు ఇలగంటావేటి?"

"నాకు ఓపిక లేదురా. ఒగ్గేయ్."

"నూకయ్య ఇంజనుకైతే ఓపికుండి పరిగెట్టినావు. కన్నకొడుకు బండికి నేదా? ఇజీనారం తీసికెళ్ళి ఎవడో ఒక మెకానిక్కుకి అప్పసెప్పేస్తాను."

నూకయ్య రామతీర్థం రైతు. రెండు నెలల కిందట అతని నీటి ఇంజనుకి జగన్నాధమే పుష్‌రాడ్లు సర్దాడు. కడ్డీ తిరిగినట్టే తోచింది. వారం తిరక్కుండా వాల్వు కాలిపోయింది, మడి ఎండింది. పాత ఇనుము, ఏం చేస్తామని నెపం ఇంజను మీదికి నెట్టేసి వచ్చాడు. అప్పటి నుంచీ ఆయనకి అన్నం సయించడం లేదు.

"ఇనుము తప్పు కాదురా," అన్నాడు తల దించుకుని. "నాదే. వేళ్ళు సచ్చిపోయినాయి. నీ బండి కూడా కాల్చేస్తానని బయమేసి అబద్దమాడినాను."

గంగులు ఉక్కు కడ్డీల్ని పక్కకి నెట్టేశాడు. "నీ సేతులు బాగోలేదని నూకయ్య ఆవేళే సెప్పినాడు నాన్నా. నువ్వే సెప్తావని సూసినాను. ఇజీనారం మాట ఉత్తిదే. నువ్వుండగా ఇంకోడి సెయ్యి పెట్టించడానికి మనసొప్పలేదు."

రాట్నం చప్పుడు ఆగింది. లక్ష్మణమ్మ జగన్నాధం చెల్లెలి కూతురే. పొందూరు సన్ననూలు వడుకుతూ పెరిగిన పిల్ల.

"నాను పట్టి సూస్తాను మావా," అంది వచ్చి. "తెగబోయే పోగు నా వేళ్ళకి ముందే తెలుస్తాది."

ఆయన పానా అందుకుని, సీలు తానే తెంపాడు. గ్యారంటీ కాయితం గోనె పక్కనే పడి ఉంది, ఎవరూ దానికేసి చూడలేదు. మధ్యాహ్నానికి క్యామ్ మార్చారు. మర ఉన్న కడ్డీలు దించాక లక్ష్మణమ్మ కొంగు దోపుకుని కూర్చుంది.

"తిరుగుతున్నాదా?"

"తిరుగుతున్నాది మావా."

"ఊగుతున్నాదా?"

"ఒక్క రవ్వ."

ఆయన మర కొద్దిగా తిప్పాడు. "ఇప్పుడు?"

"తిరుగుతున్నాది. ఊగలేదు."

"ఇంకోపాలి సూడమ్మా." మూడుసార్లు చూడమన్నాడు. మూడోసారి ఆయన కళ్ళ నీళ్ళు జారి ఇంజను మీద పడ్డాయి, తుడుచుకోలేదు.

"రేపు రామతీర్థం ఎల్దాం," అన్నాడు కొడుకుతో. "నూకయ్యకి నిజం సెప్పాల. ఆ ఇంజను బాగుసెయ్యాల. అమ్మాయిని కూడా తీసికెల్దాం."

లక్ష్మణమ్మ చేతులు కడుక్కుని టీ తెచ్చింది. జగన్నాధం చెయ్యి చాచబోయి ఆగాడు.

"వేడిగా ఉన్నాదా అమ్మా?"

"ఉన్నాది మావా. కాసేపాగు."

ఆయన ఆగాడు.